రెండో పొయ్యి

కొత్తగా కొలతల పనిలో చేరిన మీ చేతుల్లో ఇప్పుడు గోడ మీదికి ఎర్రచుక్క వేసి కొలత చెప్పే యంత్రాలున్నాయి. మంచిదే. నేను ఇనుప టేపు పట్టుకుని పోయి, దాని కొసను ఇంటావిడ చేతికిచ్చి, "కొంచెం గట్టిగా పట్టుకోమ్మా" అని అడుక్కునేవాణ్ణి. అడుక్కున్నందుకు ఒక లాభం ఉండేది. టేపు పట్టుకున్న మనిషి ఊరికే నిలబడదు, మాట్లాడుతుంది. వంటిళ్ళ గురించి నాకు తెలిసిందంతా ఆ టేపు అవతలి కొస నుంచి వచ్చిందే. ఈ మాట ఎత్తినప్పుడల్లా మా కార్ఖానాలో కుర్రాళ్ళు "మొదలుపెట్టినాడప్పా" అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. చూసుకోండి నాయనా. నేను రిటైరైన మనిషిని, నన్నిప్పుడు ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరు.

తాడిపత్రిలో వంటింటి అల్మారాలు చేసే కార్ఖానాలో నా ఉద్యోగం గడిచింది. మొదట్లో రంపం పట్టాను. మోకాళ్ళు మొరాయించాక యజమాని నన్ను ఇళ్ళకు పంపడం మొదలుపెట్టాడు. కొలతలు తీసుకోవాలి, ఖర్చు ఎంతవుతుందో చెప్పాలి, ఏ చెక్క, ఏ రంగు, ఎన్ని సొరుగులు అన్నది ఇంటివాళ్ళ చేతనే తేల్పించాలి. మొదటి రెండూ ఉద్యోగం. మూడోది పంచాయితీ. మొగుడు ఖర్చు చూస్తాడు, పెళ్ళాం రంగు చూస్తుంది, అత్తగారు రెండూ చూడకుండా "మా కాలంలో ఇవన్నీ ఉండెనా" అంటుంది. ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చేదాకా మనం టీ తాగుతూ కూర్చోవాలి. అన్ని టీలు తాగి కూడా నా కడుపు చెడకపోవడం నా అదృష్టం.

ఆ ఇళ్ళల్లో ఒకటి గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ "అమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదులుతాను. కొద్దిలో తప్పిపోయింది. ఆ పొద్దు ఇంకోలా జరిగి ఉంటే నేను ఇది మీకు చెప్పేవాణ్ణి కాదు, చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

యాడికి అనే ఊరి పక్కన ఒక పల్లె. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు కోడళ్ళు, భార్య పోయిన తండ్రి, అందరిదీ ఒకటే వంట. పెద్దకొడుకు చీనీతోట, అంటే బత్తాయితోట, చూస్తాడు, చిన్నకొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. తోటలోకి వచ్చే కూలీలకు కూడా మధ్యాహ్నం సంగటి ఆ ఇంటి నుంచే పోయేది. ఆ ఏడాది చీనీకాయలకు మంచి ధర పలికిందని వంటింటికి అల్మారాలు పెట్టించుకుందామనుకున్నారు. నేను గడప దాటీ దాటకముందే పెద్దాయన అడిగాడు.

"ఏమప్పా, ఎంతైతాది?"

"ముందు వంటిల్లు చూడనీ పెద్దాయనా."

"చూసేదేముండాది? నాకాడ ఎన్ని దుడ్లుండాయో నేను చెప్తా. దాంట్లో ఎంత వస్తే అంత చెయ్యి. దానికి మించి ఒగ పైసా పెట్టను. బోరు ఎప్పుడు ఎండుతాదో ఎవనికి తెల్సు?"

నాకు ఆయన నచ్చాడు. లెక్క ముందే చెప్పే మనిషితో పని సులువు. చెప్పకుండా మనల్నే ఊహించుకోమనేవాళ్ళతోనే చావు.

పెద్దకోడలు నోరున్న మనిషి. అనంతపురంలో ఎవరిదో గృహప్రవేశానికి పోయి అక్కడి వంటిల్లు ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. లేత పచ్చరంగు తలుపులు, అద్దంలా మెరిసేవి. పై అరలకు గాజు తలుపులు. నేను సంచిలోంచి రంగుల ముక్కలు తీసి పరిస్తే వాటన్నిటినీ పక్కకు తోసి ఆ పచ్చముక్క ఒక్కటి చేతికి తీసుకుంది. కొంగుతో తుడిచి, కిటికీ దగ్గర పెట్టి చూసి, మళ్ళీ తుడిచింది. "ఇది ఈడనే ఉండనీ అన్నా, తలుపులకు అతికించే దినం దాకా చూస్కుంటా" అని నాకు తిరిగి ఇవ్వలేదు.

పెద్దాయన చెప్పిన మొత్తంలో ఆ రంగు, ఆ గాజు రావడం కష్టం. అక్కడే నా పనితనం చూపించాను. కింద అరలకు చెక్క వద్దన్నాను. ఆ ఇంట్లో నీళ్ళు రోజూ రావు, వంటింట్లోనే డ్రమ్ములు నింపి పెట్టుకుంటారు, నేల ఎప్పుడూ తడి. తడికి చెక్క ఉబ్బుతుంది, ఉబ్బకపోతే చెదలు తింటాయి. మన తాడిపత్రి బండలుండగా కింద చెక్క ఎందుకు? అరలన్నీ బండలతో పెట్టి, ముందు తలుపులు మాత్రం బిగిద్దాం, మిగిలిన దుడ్లతో పైన గాజు వస్తుంది అన్నాను. పెద్దాయన మొదటిసారి తల ఊపాడు. పెద్దకోడలు ముఖం వెలిగిపోయింది. మధ్యాహ్నం లోపల అన్నీ కుదిరిపోయాయని నేను లోలోపల మురిసిపోయాను.

పెద్దకోడలు టీ పెట్టడానికి చక్కెర కోసం పక్క గదిలోకి పోయింది. టేపు కొస చిన్నకోడలు చేతిలో ఉంది. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"అన్నా, గట్టు ఇంత ఎత్తే ఉంటాదా?"

"ఉంటుందమ్మా. అందరికీ ఇదే ఎత్తు."

"సంగటి ఎట్ల కెలికేది?"

సంగటి తెలియని పట్నం పిల్లలకు ఒక్క మాట చెప్పాలి. ఎసట్లో రాగిపిండి పోసి ఉడికాక గిన్నెను పొయ్యి మీంచి దించి, నేల మీద పెట్టి, కదలకుండా కాళ్ళతో అదిమిపట్టి, పైనుంచి కట్టెతో బలంగా కెలకాలి. నిలబడి, రొమ్ము ఎత్తున ఉన్న గిన్నెలో కెలికితే ఉండలు కడుతుంది. కూలీలకు కూడా కలిపి వండే గిన్నె అంటే మాటలు కాదు. గట్టు మీంచి మరుగుతున్న ఆ గిన్నెను ఎత్తి నేలకు దించడం ఆ చిన్నకోడలి వంతు. నేను ఆమె పాదాల వైపు చూశాను. కాలిన మచ్చలు, పాతవి, కొత్తవి.

"కిటికీ కింద ఒగ పొట్టి పొయ్యి పెడితే బాగుంటాది. దించే పని ఉండదు," అంది. వెంటనే తలుపు వైపు చూసి, "నేనడిగినానని చెప్పద్దన్నా. నువ్వే పెట్టినట్లు పెట్టు," అంది.

ఎందుకు చెప్పొద్దందో నేను అడగలేదు. మరదలు అడిగితే బావగారికి గిట్టదేమో, అంతేలే అనుకున్నాను. కార్ఖానాకు వచ్చి, కంప్యూటర్లో బొమ్మలు గీసే అమ్మాయికి కొలతలిచ్చి, "కిటికీ కింద ఒక పొట్టి పొయ్యి గట్టు వెయ్యమ్మా, నేను పోయి వాళ్ళకు వివరంగా చెప్తాను" అన్నాను.

ఆ అమ్మాయి పని మంచిది, మనసు ఇంకా మంచిది. తాడిపత్రిలో పుట్టి తాడిపత్రిలో పెరిగింది, కానీ అపార్టుమెంటులో. సంగటి ఆమెకు హోటల్లో తినే పదార్థం. పొట్టి గట్టు ఒంటరిగా ఉంటే బోసిగా కనిపిస్తోందని దాని పక్కన చిన్న అల్మారా వేసింది, పైన రెండు అరలు వేసింది, చెయ్యి కడుక్కోవడానికి ఒక కొళాయి కూడా పెట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆఫీసు పద్ధతి ప్రకారం ఆ బొమ్మను నేరుగా పెద్దకొడుకు ఫోనుకు పంపించేసింది. నేను అప్పుడు తనకల్లులో ఇంకో ఇంట్లో టీ తాగుతున్నాను.

ఆ బొమ్మలో పట్నంవాళ్ళు ఒక అందమైన వంటిల్లు చూస్తారు. ఆ ఇంట్లోవాళ్ళు రెండు వంటిళ్ళు చూశారు.

మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే పొలం గట్లు తర్వాత పడతాయి, కాగితాలు ఇంకా తర్వాత వస్తాయి. ముందు పొయ్యి వేరవుతుంది. ఒకే ఇంట్లో రెండో పొయ్యి వెలిగిందంటే ఊరికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. బొమ్మలో ఇటు గోడకు ఒక పొయ్యి, ఒక కొళాయి, ఒక అల్మారా. అటు గోడకు ఇంకో పొయ్యి, ఇంకో కొళాయి, ఇంకో అల్మారా. పెద్దకొడుకు దాన్ని తండ్రికి చూపించాడు. తండ్రి అడిగింది ఒకటే మాటట: ఇది ఎవరు అడిగినారు? ఎవరూ నోరు విప్పలేదు. నోరు విప్పకపోతే ఇంకా అనుమానం. పెద్దవాడు తమ్ముణ్ణి అనుమానించాడు. తమ్ముడు షిఫ్టు దిగి వచ్చేసరికి ఈ గొడవ. "అట్లా అనుకునేటోనితో నేనుండేది ఎందుకు" అని వాడూ అనేశాడు. తోటకు నీళ్ళు ఎవరు ఎక్కువసార్లు కట్టారన్న పాత మాటలన్నీ బయటికొచ్చాయి.

మరుసటి రోజు పొద్దున యజమానికి పెద్దకొడుకు ఫోను చేశాడు. "పలకలు కొయ్యద్దు సార్. మా ఇల్లే రెండైతాండాది. ఈ పొద్దు పెద్దమనుషుల్ని పిలిపించినాం."

యజమాని నన్ను పిలిచి ఫోను నా ముందు పెట్టాడు. బొమ్మ గీసిన అమ్మాయి ఏడుపు ముఖంతో గోడకానుకుని నిలబడింది. "తప్పు నాదేనా సార్?" అని నన్ను అడిగింది. "నీదైతే నాకు సులువుగా ఉండేదమ్మా" అన్నాను. మా యజమాని కోపిష్టి, కానీ ఆ రోజు అరవలేదు. "పోయి రా. పని పోతే పోనీ. ఆ ఇల్లు పోకుండా చూడు" అన్నాడు. ఆయన మీద నాకున్న చెడ్డ అభిప్రాయాల్లో సగం ఆ మాటతో పోయాయి. మిగిలిన సగం జీతాల పెంపు గురించి, అవి ఇప్పటికీ ఉన్నాయి.

బిగింపు పని చేసే మా మిస్త్రీని వెంటేసుకున్నాను. అందరం ఆయన్ని భాయ్ అంటాం. నాకంటే పెద్దవాడు, నిదానం మనిషి. బండి మీద ఇద్దరం బయల్దేరాం. వెనక కూర్చున్న భాయ్, "ఏం చెప్తావు ఆడికి పోయి?" అన్నాడు. "తెలీదు భాయ్." "మంచిది. తెలిసినోళ్ళు పోతే ఇంగా చెడతాది," అన్నాడు.

మేం పోయేసరికి పెద్దమనుషులింకా రాలేదు. వసారాలో పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొడుకులిద్దరూ చెరో స్తంభం దగ్గర, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. కోడళ్ళు వంటింటి గడప లోపల. చిన్నకోడలు నన్ను చూసి తల వంచుకుంది. ఆమె అడిగిందని చెబితే ఇల్లు చీల్చిన పేరు ఆ పిల్లకొస్తుంది. చెప్పకపోతే ఇల్లే చీలుతుంది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏమప్పా, బొమ్మ బాగా వేపించినావు," అన్నాడు. "మా అన్నా నేనూ ఈ ఇంట్లోనే పుట్టినాం. మా పెండ్లిండ్లైనాక ఆ మూల రెండో పొయ్యి పెడితిమి. పొయ్యి వచ్చె, తర్వాత గోడ వచ్చె. గోడ లేచినాక మా అన్న నాతో మాట్లాడల్యా. వాడు సచ్చిపోతే పాడె మోస్తి, అంతే. మాట మాత్రం మళ్ళా వినల్యా. ఇంగ నా కండ్ల ముందర నా కొడుకులకు గూడా అదేనా?"

పెద్దకొడుకు పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఏదో చెప్పబోయాను. భాయ్ నా మోచేయి పట్టుకున్నాడు.

అప్పుడు లోపలి నుంచి పెద్దకోడలు వచ్చి గడప మీద నిలబడింది.

"మామా, ఆ పొయ్యి అడిగింది నేను."

నేను ఉలిక్కిపడ్డాను. చిన్నకోడలు నాకంటే ఎక్కువ ఉలిక్కిపడింది.

"నువ్వా?" అన్నాడు ఆమె మొగుడు. "నాకు చెప్పల్యా?"

"నీకేం చెప్పేది? తినేదానికి తప్ప వంటింట్లోకి ఎప్పుడన్నా తొంగి చూసినావా?" అని, లోపలికి తిరిగి, "ఒసే, ఇట్ల రా. కాళ్ళు చూపీ," అంది.

చిన్నకోడలు పాదాలు వెనక్కి లాక్కుంది. పెద్దకోడలు చెయ్యి పట్టుకుని వసారాలోకి తెచ్చి నిలబెట్టింది.

"చూడండి అందరూ. గట్టు మింద నుంచి సంగటి గిన్నె దించి దించి ఎట్లైనాయో. నాకు నడుము నొప్పి, నేను ఎత్తలేను. దినామూ ఈ పిల్లే దించుతాది. పొట్టి పొయ్యి ఉంటే దించే పనుండదు. ఆడనే ఉడికిచ్చి ఆడనే కెలుకుతాది. దీనికి పెద్దమనుషులు కావల్లనా?"

చిన్నకొడుకు భార్య పాదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. వాడికీ అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది.

"మరి ఆ కొళాయి ఎందుకు? అల్మారా ఎందుకు?" అన్నాడు పెద్దాయన. గొంతులో అనుమానం ఇంకా ఉంది, కోపం మాత్రం దిగిపోయింది.

ఇది నేను చెప్పగలిగిన సంగతి. "అది మా ఆఫీసు అమ్మాయి అందానికి వేసింది పెద్దాయనా. తీసేస్తాను. కొళాయి ఒకటే, అల్మారా ఒకవైపే," అన్నాను.

"పొయ్యి మాత్రం రెండు."

అప్పుడు భాయ్ నోరు విప్పాడు. "సిలిండరు ఒగటే పెద్దాయనా. ఒగ సిలిండరు నుంచి పైపు వస్తాది, కొసలో రెండు పాయలైతాది. సిలిండరు అయిపోయిందంటే రెండు పొయ్యిలూ ఒగటేసారి ఆరిపోతాయి."

పెద్దాయన మంచం మీంచి ముందుకు వంగాడు. "ఇంగొకసారి చెప్పు."

భాయ్ మళ్ళీ చెప్పాడు, వేళ్ళతో పైపు చూపిస్తూ. పెద్దాయన మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "రెండో సిలిండరు పెట్టేదానికి చోటు పెట్టద్దు," అన్నాడు.

"పెట్టను."

"చోటుంటే ఎవనికన్నా బుద్ధి పుడతాది."

"చోటే ఉండదు పెద్దాయనా. కావాలన్నా దూరదు."

ఆయన మంచం మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "దేవుడా" అన్నాడు. నేను స్తంభానికి ఆనుకున్నాను. ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, చెప్తున్నాను, వచ్చింది.

కళ్ళు తెరిచిన పెద్దాయన మొదట అన్న మాట, "దుడ్లు మాత్రం అంతే. ఇంగ పైసా లేదు."

పొట్టి గట్టుకు బండలు, రెండో పొయ్యి, పైపు పని. లెక్కలోకి రాదు. ఏదో ఒకటి తీసెయ్యాలి. నేను పెద్దకోడలి వైపు చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని. ఆమే లోపలికి పోయి, కిటికీలో పెట్టుకున్న పచ్చముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద దుమ్ము లేదు.

"మెరిసేది వద్దులే అన్నా. మామూలు రంగు వెయ్యి. పై అరలకు తలుపులే వద్దు, గాజూ వద్దు. గిన్నెలు కనపడితే కనపడనీ, మనయేగదా."

అంత ఇష్టపడి ఎంచుకున్న సరుకును అంత తేలిగ్గా తిరిగిచ్చిన మనిషిని నా ఉద్యోగంలో ఇంకెక్కడా చూడలేదు. తేలిగ్గా అని నేనంటున్నాను. ఆమెకు ఎంత బరువో ఆమెకే తెలుసు.

పెద్దమనుషులిద్దరూ అప్పుడు వచ్చారు, తెల్ల పంచెలతో, పంచాయితీకి సిద్ధమై. పెద్దాయన లేచి ఎదురుపోయి, "కూర్చోండప్పా. వంటింటికి ఏ రంగు వేపిద్దామా అని పిలిస్తి," అన్నాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అరగంట సేపు నిజంగానే రంగుల ముక్కలు తిరగేసి, టీ తాగి, ఎవరికీ నచ్చని గోధుమరంగు ఒకటి సిఫారసు చేసి పోయారు. అన్నదమ్ములిద్దరూ వాళ్ళను సాగనంపడానికి కలిసే బజారు దాకా పోయారు.

మీరు పనిలో కొత్తగా చేరినవాళ్ళు కాబట్టి చెప్తున్నాను. గోడలు కొలవండి, తప్పులేదు. కానీ ఆ ఇంట్లో ఏం వండుతారు, ఎవరు ఎత్తుతారు, ఎవరు దించుతారు అన్నది కూడా అడగండి. ఏదన్నా కొత్తది గీస్తే ఫోనుకు పంపకండి, చేత్తో పట్టుకుపోయి చూపించండి. ఎదురుగా మనిషి ఉంటే తిడతారు, అంతే. తిట్లు తినడం మన జీతంలో భాగమే.

బిగింపు నేనూ భాయూ దగ్గరుండి చేయించాం. సిలిండరు గూడు ఒక్కదానికి సరిపోయేంత ఇరుకుగా పెట్టించాం. భాయ్ దాని కొలత రెండుసార్లు చూసుకున్నాడు. పని అయ్యాక అన్నం తినకుండా పోనివ్వలేదు. చిన్నకోడలు పొట్టి పొయ్యి దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చుని సంగటి కెలికింది. గిన్నె పొయ్యి మీంచి కదల్లేదు. పెద్దాయన గడపలో నిలబడి అంతసేపూ చూశాడు. సంగటి ఉండలు కట్టకుండా వచ్చింది.

ఇంటి మగవాళ్ళు తినేసి తోటకు పోయారు. మాకు వడ్డిస్తూ చిన్నకోడలు గొంతు తగ్గించి పెద్దకోడల్ని అడిగింది.

"అక్కా, అడిగింది నేను గదా. నువ్వెందుకు మీదేసుకుంటివి?"

"నాకు తెలీదనుకుంటివా? పక్కగదిలో ఉన్నా, చెవుల్లో దూది పెట్టుకోల్యా."

"మరి?"

పెద్దకోడలు నా పళ్ళెంలో చెనిక్కాయల చట్నీ వేస్తూ, చెయ్యి ఆపకుండానే చెప్పింది.

"నువ్వడిగింటే, ఇల్లు చీల్చేదానికి అడిగింది అంటారు. నేనడిగితే, వంటకు అడిగింది అంటారు. ఈ ఇంటికి నీకంటే ముందర వచ్చినందుకు నాకుండేది అదొక్కటే. నీకు గాకుంటే ఎవరికి వాడేదే?"

చిన్నకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నేను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. సంగటి వేడిగా ఉందని భాయ్‌తో అన్నాను. ఆయన అవునన్నాడు.